బుజ్జీ, శనివారం వెళ్ళేముందు ఇది చదువు

బుజ్జీ,

నీ మెసేజ్ చూశా. మీ పెద్దమ్మకి కూడా చదివి వినిపించా. కీసర వైపు ఏదో వృద్ధాశ్రమం ఉందంట, ఆఫీసులో నలుగురు ఫ్రెండ్స్ కలిసి ప్రతి శనివారం వెళ్దామనుకుంటన్నారంట, "పెదనాన్నా నువ్వు తొమ్మిదేళ్ళ నుంచి వెళ్తన్నావు గదా, ఏం చెయ్యాలో చెప్పు" అని అడిగావు. ఫోన్ చేసి చెబుదామంటే ఎప్పుడు చేసినా మీటింగ్‌లో ఉంటావు. నోటితో మాట్లాడితే అదే టైపయ్యేట్టు మీ అన్నయ్య ఏదో పెట్టిచ్చాడు గానీ నేను పప్పు అంటే అది పాపం అని రాస్తంది, అందుకని ఒక్క వేలితోనే కొడతన్నా, తప్పులుంటే సర్దుకుని చదువుకో.

నేను పోస్ట్‌మన్‌గా 37 ఏళ్ళు చేశా, నీకు తెలుసు. నీకు తెలియంది ఏందంటే, ఆ రోజుల్లో పదకొండున్నర అయ్యేసరికి ప్రతి వీధిలో ఇద్దరు ముగ్గురు ముసలాళ్ళు అరుగు మీదకొచ్చి కూర్చునేవాళ్ళు, నాకోసం. కొడుకు పంపే మనియార్డరు కోసం కొందరు, ఇన్‌లాండ్ లెటర్ కోసం కొందరు, ఏదీ రాదని తెలిసి కూడా కొందరు. బెల్లు కొట్టి "ఇయ్యాల లేదు మామ్మా" అని చెప్పి పోతే లేచి లోపలికెళ్ళి అన్నం తినేది. లేదు గదా ఎందుకులే అని పక్క సందులోంచి పోయామా, మూడింటికి తిరిగొచ్చేటప్పుడు చూస్తే ఇంకా అక్కడే కూర్చుని ఉండేది, అన్నం కూడా తినకుండా. నేను సర్వీసులో చేరిన కొత్తల్లో ఒకటి రెండు సార్లు అట్లా పోయా, సీనియర్ పోస్ట్‌మన్ ఒకాయన చెవి మెలేసి చెప్పాడు, ఉత్తరం ఉన్నా లేకపోయినా నీ మొహం మాత్రం ఆ టైముకి కనపడాలిరా అని. ఇప్పుడు ఆ ఉద్యోగమే మారిపోయిందిలే, రిజిస్టర్ పోస్టుని కూడా 2025లో స్పీడ్ పోస్టులో కలిపేశారు, నా బాధ నీకెందుకు గానీ, రిటైరయ్యాక ఇక్కడ తెనాలి పక్కన ఆశ్రమానికి వెళ్ళడం మొదలుపెట్టినప్పుడు నాకు అక్కరకొచ్చింది ఆ ఒక్క ముక్కే.

కాబట్టి మొదటి మాట, ప్రతి శనివారం అని చెప్పకు. నెలకి ఒక శనివారం అని చెప్పు, రెండో శనివారం పదింటికి అని చెప్పు, చెప్పినాక చచ్చినా వెళ్ళు. మీ నలుగురిలో ముగ్గురు ఆరో వారానికి రారు, రాసిపెట్టుకో, వాళ్ళు చెడ్డోళ్ళని గాదు, ఆఫీసులో రిలీజ్ అంటారు, పెళ్ళి అంటారు, వాన అంటారు. మా ఆశ్రమానికి ఇంజనీరింగ్ పిల్లలు వచ్చారు ఒకసారి, మంచి పిల్లలు, క్యారమ్ బోర్డు కొనుక్కొచ్చి ఒక తాతగారితో ఆడేవాళ్ళు ఆదివారం ఆదివారం. అయిదు వారాలొచ్చారు, తర్వాత పరీక్షలు, తర్వాత సెలవులు, అంతే. ఆ తాతగారు రెండు నెలలపాటు ప్రతి ఆదివారం తొమ్మిదిన్నరకి బోర్డు తుడిచి, బోరిక్ పౌడర్ జల్లి, నల్లవి తెల్లవి మధ్యలో పువ్వులాగా పేర్చి, స్ట్రైకర్ పక్కన పెట్టుకుని కూర్చునేవాడు. నేను ఆడదాం రండి అంటే "వాళ్ళొస్తే బోర్డు మళ్ళీ సర్దాలి గదయ్యా" అనేవాడు. అసలు ఎవరూ రాకపోయి ఉంటే ఆయన హాయిగా టీవీ చూసుకునేవాడు గదా అని నాకు అప్పుడప్పుడు అనిపిచ్చేది. నీకు కుదరని రోజు ముందురోజే ఆఫీసుకి ఫోన్ చేసి, ఫలానా మామ్మకి చెప్పండి వచ్చే నెల వస్తానని, అని పేరు పెట్టి చెప్పించు. "అందరికీ చెప్పండి" అంటే ఎవరికీ చెప్పరు.

ఆశ్రమం ఎట్లాంటిదో కూడా చూసుకో. బోర్డులు అందరూ బాగానే రాయిస్తారు. నువ్వు వంటగదీ బాత్రూమూ చూడు, పదకొండింటికల్లా స్నానాలు అయ్యాయా లేదా చూడు, మంచం పక్కన మంచినీళ్ళు చెయ్యి చాపితే అందుతన్నాయా చూడు. రాత్రిపూట ఎవరుంటారు అని అడుగు. వాచ్‌మన్ ఉంటాడమ్మా అంటారు, వాచ్‌మన్ సరే, అర్ధరాత్రి రెండింటికి ఒకాయనకి ఆయాసం వస్తే ఎవరు చూస్తారు అని అడుగు. నిన్ను ఆధార్ అడిగి, తెలిసినవాళ్ళ నంబరు అడిగి రిజిస్టర్లో రాసుకున్నారంటే కోపం తెచ్చుకోకు, అది మంచి గుర్తు. ఎవరొస్తే వాళ్ళని మంచాల దాకా పంపించేసే చోటంటేనే నాకు భయం. డబ్బులిస్తే రసీదు, 80జి (విరాళానికి ఇన్‌కమ్ టాక్స్ మినహాయింపు) ఉందా అని అడగడం కూడా తప్పేం గాదు.

ఇక వెళ్ళిన మొదటి రోజు నువ్వు పలకరించాల్సింది ముసలాళ్ళని గాదు, ఆయాలని. నవ్వొద్దు, నిజంగా చెప్తన్నా. పొద్దున అయిదింటికి లేచి ఇరవై మందికి గుడ్డలు మార్చి, స్నానాలు చేయించి, మంచాన పడ్డవాళ్ళని రెండు గంటలకోసారి పక్కకి తిప్పి (తిప్పకపోతే నడుం దగ్గర, మడమల దగ్గర పుండ్లు పడతయ్యి, అవి ఒకసారి పడితే మానడం మహా కష్టం), ఇంత చేసి వాళ్ళకొచ్చే జీతం నువ్వు ఒక వీకెండ్‌లో ఖర్చుపెట్టేస్తావేమో. అట్లాంటి మనిషి ముందు నువ్వు చక్కగా తయారై వచ్చి గంటసేపు కబుర్లు చెప్పి "మామ్మగారి దుప్పటి మార్చలేదేంటి" అన్నావనుకో, నీ పని అయిపోయినట్టే. దుప్పట్లు మడతపెట్టడంలో సాయం చెయ్యి, భోజనాల దగ్గర కంచాలందించు. నాకు తెలిసిందంతా మా ఆశ్రమంలో ఒక ఆయా నేర్పిందే, చదువు అయిదో క్లాసు.

ఆవిడ నేర్పినవే కొన్ని చెప్తా. ఉంగరాలు, గాజులు, చైను వాచీ తీసేసి లోపలికి వెళ్ళు. వాళ్ళ చర్మం ఉల్లిపొర. నా వాచీ చైను గీసుకుని ఒకావిడకి మోచేతి దగ్గర ఇంత పొడుగున తోలు లేచిపోయింది, షుగరు మనిషి, మానడానికి నెల పైన పట్టింది, ఆ నెలంతా నేను ఆవిడ మంచం దగ్గరికి పోవాలంటే సిగ్గుపడ్డా. నీకు జలుబు చేసినా, గొంతు నొప్పి ఉన్నా వెళ్ళొద్దు, నీకు మూడు రోజుల జలుబు వాళ్ళకి న్యుమోనియా అయిద్ది. నడిపించేటప్పుడు చెయ్యి పట్టుకుని లాగొద్దు, నీ చెయ్యి ఇచ్చి ఆగు, వాళ్ళే పట్టుకుంటారు. పక్షవాతం వచ్చినాయనైతే పడిపోయిన వైపు నువ్వు నడువు. చంకల కింద చేతులేసి ఎత్తబోకు. ఎవరన్నా కిందపడితే గబుక్కున లేపాలనిపిచ్చిద్ది, లేపొద్దు, అట్లాగే ఉంచి నర్సుని పిలువు, తుంటి విరిగి ఉంటే లేపిన కొద్దీ చేటు.

అన్నం పెట్టడం సంగతి వివరంగా చెప్తా, ఎందుకంటే వచ్చినవాళ్ళందరూ ముందు అదే చేస్తామంటారు, "మా చేత్తో ముద్దలు పెడతాం" అని. మా దగ్గర ఒక రిటైర్డ్ లెక్కల మాస్టారు ఉండేవాడు, పక్షవాతం, కుడిచెయ్యి లేవదు, మాట సగమే వచ్చేది. అన్నం చల్లారిపోయిద్దని నేను నిలబడి గబగబా ముద్దలు పెడతన్నా. మూడో ముద్దకి పొలమారింది, మొహం ఎర్రబడి కళ్ళు తేలేశాడు, నాకు కాళ్ళు చేతులు ఆడలా. ఆయా పరిగెత్తుకొచ్చి ఆయన్ని ముందుకి వంచి వీపు మీద తట్టి నోట్లో ఉన్నది తీయించి, ఆయన ఊపిరి సర్దుకున్నాక, నా వైపు తిరిగి "బాబాయ్, నువ్వు కంచంలోకి చూస్తన్నావు, ఆయన గొంతు చూడు" అంది. గొంతు మీద ఆ ఎముక పైకి లేచి కిందికి దిగితేనే మింగినట్టు. అది దిగాక ఒక్క నిమిషం ఆగి అప్పుడు ఇంకో ముద్ద, అది కూడా ఉసిరికాయంత. నువ్వు స్టూలేసుకుని ఆయన కళ్ళకి సమానంగా కూర్చోవాలి, నిలబడితే ఆయన తలెత్తి చూస్తాడు, తలెత్తితే పొరబోయిద్ది. నీళ్ళు పలచగా ఉంటయ్యి గనక అన్నం కంటే నీళ్ళే ఎక్కువ పొలమారతయ్యి, ఎవరికి ఎట్లా ఇవ్వాలో నర్సుని అడిగి ఇవ్వు. తిన్నాక అరగంట పడుకోబెట్టొద్దు. అరకప్పు పప్పన్నానికి నలభై నిమిషాలు పట్టేది మాస్టారికి, ఆ నలభై నిమిషాల్లో ఆయన నాకు పంతొమ్మిదో ఎక్కం ఎడమచేతి వేళ్ళ మీద లెక్కపెట్టి చూపించేవాడు, ఎక్కడన్నా తప్పు చెబితే కంచం పక్కకి నెట్టేవాడు.

తినేవి పట్టుకెళ్ళేముందు అడుగు. పుట్టినరోజులని, తద్దినాలని, పెళ్ళిరోజులని ఆదివారం అయ్యేసరికి మూడు బ్యాచ్‌లు అన్నదానానికొస్తారు, మైసూర్‌పాక్ ఒకళ్ళు, కేకు ఒకళ్ళు, పరమాన్నం ఒకళ్ళు, సోమవారం పొద్దున సగం మందికి షుగరు మూడొందలు దాటి ఉంటది, బుధవారం మాత్రం సాంబారు నీళ్ళే. నేనేం తక్కువ తినలా, ఒక ఎండాకాలం అందరికీ కొబ్బరిబోండాలు కొట్టించి తీసుకెళ్ళా, మంచి పని చేస్తన్నాననే పొగరు. ఒకాయన చేతిలోంచి గ్లాసు నర్సు లాగేసుకుంది. కిడ్నీ మనిషంట, కొబ్బరినీళ్ళలో పొటాషియం ఎక్కువ, కిడ్నీలు పనిచెయ్యనివాళ్ళకి అది గుండె మీదకొచ్చిద్దంట, అరటిపండు కూడా అంతే. వైద్యం తెలియనివాళ్ళకి కొబ్బరినీళ్ళ కంటే మంచిది ఏముంటది చెప్పు. అందుకే అడుగు. షుగరు మనిషికి ఉన్నట్టుండి చెమటలు పట్టి, వణికి, మాట తడబడిందనుకో, షుగరు పడిపోయి ఉండొచ్చు, స్పృహలో ఉండి మింగగలిగితే చక్కెర నీళ్ళు ఇచ్చి నర్సుని పిలువు, స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పొయ్యొద్దు.

దుప్పట్లు కూడా అందరూ ఇస్తారు, చలికాలం మా స్టోర్ రూములో దుప్పట్లు అటకెక్కి ఉంటయ్యి. పెద్దవాళ్ళ డైపర్లు ఎవరూ ఇవ్వరు, ఎందుకంటే అవి పట్టుకుని ఫొటో దిగడం బాగోదు. నెలకి వాటి ఖర్చే ఆశ్రమం నడిపేవాళ్ళ నడ్డి విరుస్తది. అవి కొను. చెవి మిషన్లో వేసే చిన్న బ్యాటరీలు కొను, మా దగ్గర ఒకాయనకి అంత ఖరీదైన మిషన్ ఉండి బ్యాటరీ లేక ఏడాది చెవిటివాడిగా కూర్చున్నాడు. వినపడనివాళ్ళ చెవిలో అరవకు, ఎదురుగా కూర్చో, నీ మొహం మీద వెలుతురు పడాలి, టీవీ ఆపించు, గొంతు కొంచెం బొంగురు చేసి నిదానంగా మాట్లాడు, సగం మందికి వినపడిద్ది.

పళ్ళసెట్టు సంగతి చెప్పాలా వద్దా అనుకున్నా గానీ చెప్తా, నవ్వుకో. మంచాల మీద సర్దుతా సర్దుతా ఒక పేపరు ఉండ కనపడితే చెత్తబుట్టలో వేశా. సాయంత్రం భోజనాల దగ్గర ఒక మామ్మ బోసినోటితో నా వైపే చూస్తంది, మాట్లాడదు, చూస్తంది. చివరికి నేనూ వాచ్‌మనూ టార్చి లైటేసుకుని మున్సిపాలిటీ డబ్బాలో వెతికాం, దొరికింది, వేడినీళ్ళలో పెట్టబోతే ఆయా తిట్టింది, వేడికి వంకరపోయిద్దంట. అప్పట్నుంచి అక్కడ మడతపెట్టిన కాగితం ఏది కనపడ్డా విప్పి చూస్తా. వాళ్ళకి ఉన్న ఆస్తంతా ఆ మంచం, ఆ దిండు కింద, ఒక ప్లాస్టిక్ కవర్లో ఉంటది బుజ్జీ, నువ్వు సర్దబోకు.

నువ్వు అడిగావు "ఏం మాట్లాడాలి పెదనాన్నా, నాకు అరగంటకే మాటలు అయిపోతాయి" అని. మాటలెందుకు, పని పెట్టు. ఒక గోంగూర కట్ట పట్టుకెళ్ళి మధ్యలో పడేసి "నాకు వలవడం రాదు" అను. మా దగ్గర చేతులు వణికే ఒక మామ్మ ఉంది, గ్లాసు పట్టుకుంటే నీళ్ళు ఒలికిపోతయ్యి, గోంగూర వలిచేటప్పుడు మాత్రం ఆకు తుంచి కాడ పక్కన పడేస్తా ఉంటే చూడాలి, వణుకు ఉంటది గానీ ఒక్క కాడ ఆకుల్లోకి రాదు. వలుస్తా వలుస్తా ఆవిడే మాట్లాడిద్ది, పుంటికూర వేరు గోంగూర వేరు అని ఇంకో ఊరావిడతో దెబ్బలాడిద్ది. అన్నీ మనమే చేసిపెట్టేసి వాళ్ళని మంచం మీద దేవుడి బొమ్మల్లాగా కూర్చోబెడితే వాళ్ళకి ఏం తోస్తది. పూలు కట్టడం నాకు అక్కడే వచ్చింది, 62 ఏళ్ళకి.

ఇక నేను చేసిన పెద్ద తప్పు. ఒక మామ్మగారు ఉండేది, నేను పోస్ట్‌మన్‌గా చేశానని తెలిసిన దగ్గర్నుంచి నేను గేటు తియ్యగానే "ఉత్తరం ఉందా బాబూ" అనేది. కొడుకు ఛత్తీస్‌గఢ్‌లో ఎక్కడో. ఫోన్ చెయ్యడు, రాడు. "ఇయ్యాల లేదు మామ్మా" అని చెప్పడం నాకు 37 ఏళ్ళ అలవాటు, కానీ రిటైరయ్యాక గుండె మెత్తబడిద్దేమో, రెండో నెలలో ఒక ఇన్‌లాండ్ కొనుక్కొచ్చి నేనే రాశా. అమ్మా నేను క్షేమం, నువ్వు మందులు వేసుకుంటన్నావా, పని ఒత్తిడి వల్ల రాలేకపోతన్నా, సంక్రాంతికి చూస్తా, అని. తీసుకెళ్ళి మంచం పక్కన కూర్చుని చదివా. చీర కొంగు భుజం చుట్టూ లాక్కుని కదలకుండా విన్నది. అయిపోయాక కాసేపు ఆగి, "మావాడు భిలాయ్‌లో పుట్టి పెరిగాడు బాబూ, హిందీ మీడియం, వాడికి తెలుగు అక్షరం రాదు" అంది. నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలా. క్షమించమని కూడా నోరు రాలేదు. ఆవిడే మళ్ళీ, "మందుల సంగతి అడిగావు చూడు, ఆ రెండు ముక్కలు ఇంకోసారి చదువు" అంది. చదివా. ఆ తర్వాత ఎప్పుడూ నన్ను ఉత్తరం అడగలా, నేను గేటు తియ్యగానే "ఎండలో వచ్చావా" అని మాత్రం అడిగేది. కొడుకు గురించి నువ్వు కథలు కట్టకు, వస్తాడులే మామ్మా అని చెప్పకు. నీకు తెలియదు వస్తాడో రాడో.

మతిమరుపు వచ్చినవాళ్ళ సంగతి కొంచెం వేరు. ఒకావిడ సాయంత్రం అయిదయ్యేసరికి "ఆయన ఆఫీసు నుంచి వచ్చారా" అని అడుగుద్ది. ఆయన పోయి చాలా ఏళ్ళయింది. ఆ మాట చెప్పావనుకో, ఆవిడకి అది ఇప్పుడే తెలిసినట్టు, ఇప్పుడే పోయినట్టు ఏడుస్తది, మళ్ళీ రేపు సాయంత్రం అదే. వచ్చేస్తన్నారు అని కూడా నేను అనను, "ఆయన వచ్చేటప్పుడు ఏం తెచ్చేవాళ్ళు" అని అడుగుతా. మల్లెపూలు, పకోడీ పొట్లం, ఒకసారి కుక్కపిల్ల, ఇట్లా పది నిమిషాలు చెప్పి అన్నం తినడానికి లేస్తది. "నేనెవరో చెప్పు చూద్దాం" అని మాత్రం ఎప్పుడూ అడగొద్దు, వాళ్ళకి పరీక్ష పెట్టి నువ్వేం సాధిస్తావు, వెళ్ళగానే ఎదురుగా నిలబడి నీ పేరు నువ్వే చెప్పుకో, ప్రతిసారీ.

ఫొటోలు. మీ బ్యాచ్‌లో ఒకళ్ళు తప్పకుండా రీల్ చేద్దాం అంటారు. వద్దని గట్టిగా చెప్పు. ఎవరో దాత దుప్పటి ఇస్తా దిగిన ఫొటో వాట్సాప్‌లో తిరిగి తిరిగి ఒకావిడ వియ్యపురాలి ఫోన్‌కి చేరింది. ఆవిడ ఊళ్ళో అందరికీ బెంగుళూరులో మనవరాలి దగ్గర ఉన్నానని చెప్పుకుంది. వారం రోజులు గదిలోంచి బయటికి రాలా, అన్నం కూడా లోపలికే.

అక్కడ ఉన్నవాళ్ళందరినీ పిల్లలు గెంటేశారనుకుని జాలి మొహం పెట్టుకుని వెళ్ళకు. కొందరికి అసలు పిల్లల్లేరు. కొందరు కోడలితో పడక వాళ్ళంతట వాళ్ళే వచ్చేశారు, ఇక్కడ హాయిగా ఉన్నామంటారు, నిజంగానే ఉన్నారు. ఒకాయన ఉన్నాడు, ఎవరూ చూడ్డానికి రారు పాపం అని నేను ఏడాదిపాటు కొడుకుల్ని తిట్టుకున్నా, తర్వాత తెలిసింది ఆయన వయసులో ఉన్నప్పుడు తాగొచ్చి ఆ పిల్లల్ని ఎట్లా కొట్టేవాడో. అయినా ఆయనకి గోళ్ళు తీస్తా నేను, అది వేరే సంగతి. (గోళ్ళు తియ్యాలంటే పావుగంట గోరువెచ్చటి నీళ్ళలో నానబెట్టాలి, షుగరు ఉన్నవాళ్ళ కాలిగోళ్ళ జోలికి పోకు, నర్సుకే వదిలెయ్.) పిల్లలకి నువ్వు ఫోన్ చేసి నీతులు చెప్పడం లాంటివి అసలు వద్దు.

డబ్బు దగ్గర జాగ్రత్త. బంగారం దాచిపెట్టమంటారు, ఏటీఎం కార్డు ఇచ్చి తెచ్చిపెట్టమంటారు, కాగితం మీద సాక్షి సంతకం పెట్టమంటారు. ప్రేమతోనే అడుగుతారు, అయినా వద్దు, మేనేజర్‌తో చెప్పు. ఇల్లు రాయించుకుని చూడటం మానేశారని ఎవరన్నా చెప్పుకుంటే, దానికి 2007 నాటి సీనియర్ సిటిజన్ల చట్టం ఉంది. ఆర్డీవో దగ్గర ట్రిబ్యునల్‌లో అర్జీ పెట్టుకోవచ్చు, నెలకి 10,000 దాకా మనోవర్తి ఇప్పించొచ్చు. చూసుకుంటామనే షరతు మీద రాయించుకుని చూడకపోతే ఆ దస్తావేజు రద్దు చేయమని కూడా అడగొచ్చు. నువ్వు లాయర్ అవతారం ఎత్తక్కర్లేదు, 14567 అని పెద్దవాళ్ళ హెల్ప్‌లైన్ ఉంది, టోల్ ఫ్రీ, పొద్దున ఎనిమిది నుంచి రాత్రి ఎనిమిది దాకా, ఆ నంబరు కలిపి ఫోన్ వాళ్ళ చేతికివ్వు చాలు. మా వైపు 2024లో పింఛను 4,000 చేసినప్పట్నుంచి ఒకటో తారీకు ఎప్పుడూ రాని మేనల్లుళ్ళు కొందరు ప్రత్యక్షమవుతన్నారు, అది కూడా చూస్తన్నా, చూసి మేనేజర్ చెవిన వేస్తన్నా.

నీకు బాగా పనికొచ్చే పని ఒకటుంది, మీకందరికీ ఫోన్లు బాగా వచ్చు గనక. నవంబర్ నెలలో పెన్షనర్లకి లైఫ్ సర్టిఫికెట్, అంటే బతికే ఉన్నామని ఏటా ఇచ్చుకునే రుజువు. ముసలాళ్ళ వేలిముద్రలు అరిగిపోయి మిషన్ తీసుకోదు, ఇప్పుడు మొహం చూపిస్తే ఫోన్లోనే అయిపోయే పద్ధతి ఉంది, అది చేసిపెట్టు. కుదరకపోతే మా పోస్ట్‌మన్‌ని పిలిపిస్తే 70 రూపాయలకి మంచం దగ్గరికే వచ్చి చేసిపోతాడు (మా డిపార్ట్‌మెంట్ గొప్ప చెప్పుకోనివ్వు). 70 ఏళ్ళు దాటినవాళ్ళకి ఆయుష్మాన్ కార్డు కూడా చూడు, 2024 అక్టోబర్ నుంచి ఆదాయంతో సంబంధం లేకుండా ఏడాదికి 5 లక్షల దాకా ఆస్పత్రి ఖర్చుకి, ఎంతమందికి చేయించారో మేనేజర్‌ని అడుగు. నువ్వు ఒక్క మధ్యాహ్నం ల్యాప్‌టాప్ పట్టుకుని కూర్చుంటే అది పది అన్నదానాల పెట్టు.

ఇది రాయాలని లేదు గానీ రాయాలి. నువ్వు వెళ్తా ఉంటే ఏదో ఒక నెల ఒక మంచం ఖాళీగా ఉంటది. ముందే చెప్పరు, నువ్వు గోంగూర కట్ట పట్టుకుని వెళ్తావు, పరుపు చుట్టి ఉంటది. నేను ఈ తొమ్మిదేళ్ళలో చాలామందికి భుజం పట్టా, మోసేవాళ్ళు తక్కువైనప్పుడు కూరగాయల ఆటో అబ్బాయి కూడా పట్టాడు. ఆ రోజు ఏడుపొస్తే ఏడువు, అక్కడే ఏడువు, మిగతావాళ్ళు కూడా ఏడుస్తారు, వాళ్ళ దగ్గర ఏదో దాస్తన్నట్టు మొహం పెట్టబోకు, పక్కమంచం మనిషికి నీకంటే ముందే తెలుసు. పోయినావిడ గురించి పక్కావిడని అడుగు, చెప్పిద్ది. ఆ తర్వాతి నెల మాత్రం మానకు. చాలామంది అక్కడే మానేస్తారు, నేనూ మూడు వారాలు వెళ్ళలా లెక్కల మాస్టారు పోయినప్పుడు. నాలుగో వారం వెళ్తే గేటు దగ్గర ఆయా "ఆయన స్టూలు అట్లాగే ఉంచా బాబాయ్, కొత్తాయన వచ్చాడు, ఈయనకీ మింగుడుపడదు" అంది.

వెళ్ళగానే ఫోన్ సంచిలో పడెయ్, టైము చూడాలంటే గోడ గడియారం చూడు, అది కూడా వాళ్ళు చూడకుండా. బయల్దేరేటప్పుడు "మళ్ళీ రెండో శనివారం" అని తారీకు చెప్పి బయల్దేరు, వాళ్ళ దగ్గర క్యాలెండర్ ఉంటే దాని మీద నీ చేత్తో గుండ్రం చుట్టు.

మీ పెద్దమ్మ సున్నుండలు చేసింది, మీ బాబాయి హైదరాబాద్ వస్తే పంపిస్తా. అవి అక్కడికి పట్టుకెళ్ళకు, నువ్వు తిను.

మీ పెదనాన్న